కూర్చోబెట్టిన పాఠం

ఐదు రోజుల శిక్షణకు పాపకు ఎన్ని గుడ్డలు పడతాయో వేళ్ల మీద చూసుకుని, అంతకు రెండింతలు సంచిలో కుక్కింది జంపక్క. జ్వరం మందు సీసా, ఉప్పు చక్కెర పొట్లాలు, దోమల బత్తి, ఏప్రిల్ నెలలో వానకు గొడుగు. భద్రాచలంలో అన్నీ దొరుకుతాయి, పెద్ద దవాఖానా కూడా ఉందని కూతురు శ్యామల నచ్చచెప్పబోయింది. దవాఖానా ఉన్న చోటే రోగాలు పోగవుతాయని జంపక్క జవాబు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పాపకు వడగాలి కొడుతుందని, నడుమ కూర్చుంటే ఊపిరాడదని, చర్ల నుంచి దారంతా సీటు మారుతూనే ఉంది.

పాప లిఖితకు ఎనిమిది నెలలు, ఇంకా తల్లిపాలే. అందుకే శిక్షణ శ్యామలకైనా ముగ్గురూ బయలుదేరవలసి వచ్చింది. శ్యామల అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో పై ఆఫీసు నుంచి కొత్త కాగితం వస్తేనే బడిలో కాలుపెట్టాలి. ఈసారి ఇంగ్లీషు కాంట్రాక్టు టీచర్లు ఇరవై ఎనిమిది మందిలో పన్నెండు మందినే ఉంచుతారన్నారు. శిక్షణలో నాలుగో రోజు అందరూ పిల్లల ముందు పాఠం చెప్పాలి. ఐదో రోజు పన్నెండు పేర్లు చదువుతారు. ఆ మాట విన్న నాటి నుంచి జంపక్కకు ముద్ద దిగడం లేదు. పదమూడో పేరు తన కూతురిదేనని ఆమెకు అప్పుడే తెలిసిపోయినట్టుంది.

శిక్షణ పెట్టింది కరకట్ట దగ్గరి ఒక హైస్కూల్లో. పెద్ద గది, దానికి వరండా, వరండాలోకి రెండు కిటికీలు. వాచ్‌మన్ మొదట లోపలికి రానివ్వలేదు. జంపక్క పాపను చూపించి, తన మోకాళ్లు చూపించి, ఎండను చూపించి పావుగంట చెప్పుకుంటే, వరండాలో చివరన కూర్చోమన్నాడు. ఆమె కిటికీ ఊచకూ స్తంభానికీ పాత చీరతో ఉయ్యాల కట్టింది. ముడి పట్టుకుని మూడుసార్లు తన బరువంతా వేసి లాగి చూసింది. అయినా పాపను పడుకోబెట్టాక ఉయ్యాల కింద బొంత పరిచింది.

మొదటి రోజంతా కిటికీలోంచి మాటలు వినపడ్డాయి. ఏడో తరగతి దాకా చదివిన జంపక్కకు తెలుగు అక్షరం బాగానే వచ్చు, అంగన్‌వాడీలో ఆయాగా రిజిస్టరు కూడా రాస్తుంది. ఇంగ్లీషు మాత్రం రాదు. రాని భాషను ఆమె చప్పుడును బట్టి అంచనా వేసుకుంది. ఎవరు గట్టిగా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే వాళ్లకు బాగా వచ్చినట్టు. ఆ లెక్కన అందరికంటే ముందున్నది దీపిక అనే పిల్ల. అశ్వారావుపేట దగ్గరి ఊరు, తండ్రికి పామాయిలు తోట ఉంది. రేకుల మీద వాన పడ్డట్టు మాట్లాడేది. మిగతావాళ్లూ కాస్త అటూ ఇటూగా అంతే. శ్యామల గొంతు మాత్రం ఎప్పుడో ఒకసారి వినపడేది. వినపడ్డా నాలుగు మాటలు.

శిక్షణ ఇచ్చేవాళ్లు ఇద్దరు. మురళీకృష్ణ సారుది సత్తుపల్లి వైపు, యాభై దాటిన మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారేవి. ఉషారాణి మేడం ఖమ్మం నుంచి వచ్చింది. పేర్లు రాసేది సారేనని జంపక్క మొదటి పూటే తెలుసుకుంది. అప్పటి నుంచి ఆమె కళ్లు సారు చేతిలోని పెన్ను మీదే ఉన్నాయి.

రెండో రోజు పొద్దున టీచర్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటే, ఒక్కొక్కరు లేచి చిన్న పాఠం చెప్పారు. శ్యామల వంతు వచ్చేసరికి జంపక్క కుడుతున్న బొంత పక్కన పెట్టి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

శ్యామల ఒక ఇంగ్లీషు మాట అంది. ఆగింది. వంగి, లేని బిందెను రెండు చేతులతో ఎత్తి నడుముకు ఆనించుకుంది. మళ్లీ అదే మాట అంది. ఆగింది. బెంచీల మధ్యకు నడిచి వెళ్లి ఒకరి చేతికి ఆ లేని బిందెను అందించింది. ఆ టీచరు దాన్ని అందుకుని బరువుకు వంగినట్టు చేసింది. గదిలో నవ్వులు. శ్యామలా నవ్వింది, మళ్లీ ఆగింది, ముఖాలు చూసింది, మరో మాట అంది. మిగతావాళ్లు ఐదు నిమిషాల్లో వంద మాటలు చెబితే ఆమె పది చెప్పిందేమో. ఆ పదింటినీ కూడా అడుగడుగునా ఆగి చెప్పింది.

వెనక బెంచీలో మురళీకృష్ణ సారు నవ్వలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసి, శ్యామల వైపు చూసి, మళ్లీ రాశాడు. కాగితం తిప్పి వెనక వైపు కూడా రాశాడు. దీపిక చెప్పినప్పుడు రెండు ముక్కలు రాసి పెన్ను మూసిన మనిషి.

జంపక్క ఊచలు వదిలి కూర్చుంది. అంగన్‌వాడీకి తనిఖీకి వచ్చేవాళ్లు అంతా సరిగ్గా ఉంటే సంతకం పెట్టి పోతారు. రాశారంటే తప్పు పట్టారన్నట్టే. వెనక వైపు కూడా రాశారంటే ఇక చెప్పేదేముంది.

అన్నాల దగ్గర దీపిక పళ్లెం పట్టుకుని వచ్చి వీళ్ల పక్కన కూర్చుంది. పాప బుగ్గ గిల్లి, "అక్కా, గంత మెల్లగ చెప్తే ఒక్క పాఠం అయ్యేసరికి ఈ పిల్ల గూడ బడికొస్తది గదా" అంది. శ్యామల గట్టిగా నవ్వింది. ఎట్లా చేశావు ఆ బిందె, మళ్లీ చూపించమని దీపిక అడిగితే అన్నం చేయి కడుక్కోకుండానే చేసి చూపించింది. జంపక్కకు నవ్వు రాలేదు. మీద పడబోయేది తెలియక నవ్వుతోంది తన పిల్ల అనుకుంది.

సాయంత్రం బసలో పాపకు పాలిస్తున్నప్పుడు, పొద్దున పాఠం ఎలా అయిందని కూతురిని అడిగింది. మంచిగనే అయిందని శ్యామల చెప్పింది. నొప్పులు మొదలై నాలుగు గంటలైనా మంచిగనే ఉందన్న పిల్ల ఇది. ఆ మాటను జంపక్క లెక్కలోకి తీసుకోలేదు. శ్యామల పాపను భుజాన వేసుకుని, ఒక చేత్తో అట్టముక్క మీద సంత బొమ్మ గీస్తోంది. నాలుగో రోజు పాఠానికి. ఆ చేయి కొంచెం వణికినట్టు జంపక్కకు కనిపించింది. పాప కదిలినందుకు వణికిందో, కాన్పు తర్వాత రక్తం తక్కువైందని డాక్టరు అన్నందుకు వణికిందో. అది ఆరు నెలల కిందటి మాట, మందులు వాడాక తగ్గిపోయిందని అదే డాక్టరు చెప్పాడు. తగ్గిపోయిందన్న మాటను జంపక్క ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

ఆమెకు తెలిసిన దారి ఒకటి ఉంది. సోమవారం ఆఫీసర్ల దర్బారు వరసలో అర్జీ పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ ఆమె నేర్చుకున్నది అదే. బాగున్నవాళ్ల కాగితం కిందికి పోతుంది. ముందు కష్టం చెప్పుకోవాలి, ఉన్నదానికి ఇంకొంచెం కలిపి చెప్పుకోవాలి, అప్పుడే పెద్దవాళ్లు తలెత్తి చూస్తారు. శ్యామల హాస్టలు సీటు అట్లా వచ్చిందే. తన పింఛను అట్లా వచ్చిందే. పైగా బిడ్డ బాగుందని నోటితో అనడం ఆమెకు మొదటి నుంచీ భయం. అన్న మరునాడే ఏదో ఒకటి తగులుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం మురళీకృష్ణ సారు చేయి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి ఒక్కడే వచ్చాడు. జంపక్క పాపను ఎత్తుకుని వెళ్లి, ఆయన చేయి కడుక్కుని తుడుచుకోవడానికి గుడ్డ తీసేదాకా నిలబడింది.

"సారూ, తప్పయితే మన్నించాలె. నేను శ్యామల అవ్వను."

ఆయన చెప్పమ్మా అన్నాడు. పాప పాదం వేలితో తాకి నవ్వాడు. ఆ నవ్వుతో జంపక్కకు ధైర్యం వచ్చింది.

"నా బిడ్డకు పానం బాగుంటలేదు సారూ. కాన్పు అయినకాడికెల్లి నెత్తురు లేదన్నరు. నిలవడితే కండ్లు తిరుగుతయ్. సాక్‌పీస్ వట్టుకుంటే చెయ్యి వణుకుతది. నిన్న మీ ముంగట మెల్లగ మాట్లాడింది గదా, గది గందుకే. తెల్వక గాదు."

మురళీకృష్ణ తుడుచుకుంటున్న చేయి ఆపాడు. "మెల్లగా మాట్లాడేది అందుకా? నేను వేరేగా అనుకున్నానమ్మా" అన్నాడు.

వేరేగా అంటే, తెలివి లేక అనుకున్నాడన్నమాట. తాను వచ్చి మంచి పని చేసింది. జంపక్క గొంతు ఇంకా తగ్గించింది.

"గందుకే సారూ. ఒట్టు. పాపకు పాలిచ్చి లేస్తే గోడ వట్టుకుంటది. అయినా బడి ఇడువదు. మీరే జర దయజూడాలె."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఎక్కడికైనా దూరం పంపిస్తే తట్టుకోగలదా అని అడిగాడు. దూరం అంటే బదిలీ అనుకుంది జంపక్క. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబితే ఏ గుట్టల మీదికో వేస్తారు.

"తట్టుకోదు సారూ. పడిపోతది. ఉన్నకాడ ఉండనిస్తే సాలు మాకు."

"నేను చూసుకుంటాలేమ్మా. మీరు దిగులు పెట్టుకోకండి."

తాను చెప్పినట్టు కూతురికి తెలియనివ్వొద్దని, తెలిస్తే బాధపడుతుందని జంపక్క బతిమాలింది. ఆయన సరేనన్నాడు. పాప తల మీద చేయి పెట్టి వెళ్లిపోయాడు. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం జంపక్క రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది. పెద్దమనిషి, నేను చూసుకుంటానన్నాడు. అంతకంటే ఏ ఆఫీసరు ఏం చెబుతాడు.

నాలుగో రోజు పక్కన ఉన్న హాస్టలు నుంచి ఐదో తరగతి పిల్లల్ని తీసుకొచ్చారు. ముప్పై మంది దాకా ఉన్నారు. తలలకు నూనె రాసుకుని, చెప్పులు బయట వరసగా విడిచి, భయం భయంగా బెంచీల్లో సర్దుకున్నారు. ఒక్కొక్క టీచరుకు పదిహేను నిమిషాలు. శ్యామల వంతు పదకొండు గంటలకు. ఆమె అట్టముక్కల సంత బొమ్మలు, ఒక బుట్ట, నాలుగు చింతకాయలు, ఒక దోసకాయ తెచ్చుకుంది. బొమ్మల్ని గది నాలుగు మూలలా అతికించింది. పిల్లలు ఒక్కో మూలకు నడిచి వెళ్లి, అడిగి, పుచ్చుకుని, మోసుకుని రావాలి. వాళ్ల వెంట ఆమె నడవాలి. పాఠమంతా నడకలోనే ఉంది.

ఆమె మొదటి మాట అని, వంగి బుట్ట ఎత్తబోతుండగా మురళీకృష్ణ సారు వెనక నుంచి లేచాడు. వరండాలో ఉన్న చేతుల కుర్చీని తానే మోసుకొచ్చి నల్లబల్ల ముందు వేశాడు.

"కూర్చుని చెప్పమ్మా."

పర్లేదు సారూ, నేను తిరుగుతూ చెప్పాలి అంది శ్యామల. ఆయన చేయి చూపించాడు. పర్లేదమ్మా, మొహమాటం వద్దు, మీకు పది నిమిషాలు చాలు, కూర్చునే చెప్పండి అన్నాడు. ఆ గొంతులో ఎంత మెత్తదనం ఉందంటే, దానికి ఎదురు చెప్పడం తప్పనిపిస్తుంది. ఇరవై ఏడుగురు టీచర్లు చూస్తున్నారు. శ్యామల కుర్చీ వైపు చూసింది, ఆయన వైపు చూసింది, కూర్చుంది.

కిటికీ అవతల జంపక్కకు కళ్లు చెమర్చాయి. అంతమందిలో తన బిడ్డకే కుర్చీ వేశారు. స్వయానా సారే మోసుకొచ్చాడు. కొంగుతో కళ్లు తుడుచుకుని పాపను ఎత్తి చూపించింది.

టీచరు కూర్చోగానే లేవబోయిన పిల్లలు కూడా కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు. శ్యామల కుర్చీలోంచే మూలనున్న బొమ్మ చూపించి ఒక మాట అంది. ఆగింది. ముందు వరస పిల్లలు వెనక్కి తిరిగి చూశారు, మళ్లీ ముందుకు తిరిగారు. ఎవరూ కదలలేదు. ఆమె లేచి రెండడుగులు వేసింది. సారు వెనక నుంచి, కూర్చోమని మళ్లీ సైగ చేశాడు. ఆమె కూర్చుంది. చేతిలో చింతకాయ ఉంది, దాన్ని అందించడానికి చేయి చాపితే ముందు బెంచీ అందలేదు. నల్లబల్ల మీద మాట రాయడానికి కుర్చీలోనే వెనక్కి తిరిగి చేయి పైకెత్తింది. చాక్‌పీస్ జారి కింద పడింది. తీసి మళ్లీ రాసింది. ఈసారి అక్షరాలు వంకరపోయాయి, చేయి వణుకుతోంది. సారు అది చూశాడు. తలాడిస్తూ ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాడు.

ఒక్క ముక్కే రాశాడని జంపక్క గమనించింది. ఎంత హాయి అనిపించిందో ఆమెకు.

శ్యామల తర్వాత దీపిక. ఈరోజు ఆ పిల్లకు వాన చప్పుడు లేదు. ఒక మాట అంటుంది, ఆగుతుంది, వంగి లేని బిందె ఎత్తుతుంది, పిల్లల మధ్యకు నడిచి చేతికి అందిస్తుంది. పిల్లలు లేచారు, గోల గోలగా మోశారు, ఒకడు బరువుకు కింద పడ్డట్టు నటిస్తే గదంతా నవ్వింది. సారు రాస్తూనే ఉన్నాడు. పాపం ఈ పిల్లకూ మాటలు రాకుండా పోయాయి, దీనికీ తప్పులు పడ్డాయి అనుకుంది జంపక్క. ఒకరు తగ్గితే తన కూతురికి ఆ చోటు వస్తుంది కదా అని కూడా అనుకుంది, ఆ పిల్ల పాపను ముద్దు చేసిన సంగతి గుర్తొచ్చి సిగ్గుపడింది.

శ్యామల బయటికి వచ్చి పాపను అందుకుంది. నుదుటి మీద చెమట. నాకొక్కదానికే కుర్చీ ఎందుకు వేశారో తెలుసా అవ్వా అని అడిగింది. మంచి మనిషి, వేసిండు, దానికేందంట అంది జంపక్క. శ్యామల పాపకు పాలిస్తూ గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఐదో రోజు మధ్యాహ్నం పేర్లు చదివారు. ఉషారాణి మేడం చదివింది. జంపక్క కిటికీ దగ్గర నిలబడి వేళ్లు మడుస్తూ విన్నది. దీపిక పేరు నాలుగోది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో పేరు తుల్సీరాం అనే మరెవరిదో. మేడం కాగితం మడిచింది. రెండో విడత మడుస్తున్న జంపక్కకు ఇంకా మడవని వేళ్లు ఎనిమిది ఉన్నాయి, వాటిని చూస్తూ నిలబడిపోయింది.

లోపల శ్యామల లేచి మురళీకృష్ణ సారు దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో కిటికీ దాకా రాలేదు. ఆయన మెల్లగా ఏదో చెప్పాడు, తల పక్కకు వంచి, రోగిని పలకరించినట్టు. శ్యామల తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. ఆమె శిక్షణ సర్టిఫికెట్టు తీసుకోవడానికి అవతలి గదిలో వరసలో నిలబడింది.

ఉషారాణి మేడం వరండాలోకి వచ్చి జంపక్క పక్కన ఆగింది. ఉయ్యాలలో పాపను చూసి, మంచిగుంది బిడ్డ అంది. జంపక్క ఇదేందమ్మా, సారు చూసుకుంటనన్నడు గదా అని అడిగేసింది.

మేడం ఒక నిమిషం ఆమె ముఖం చూసింది. "నువ్వేనా చెప్పింది?" అంది. జంపక్క ఉయ్యాల అంచు పట్టుకుంది.

"ఎందుకు చెప్పినవమ్మా? రెండో రోజే నీ బిడ్డ పేరు మొదట రాసిండు సారు. రెండు పేజీలు రాసిండు. పిల్లలకు అందేటట్టు ఆగి ఆగి చెప్పేది ఈ అమ్మాయొక్కతే, మిగిలినోళ్లందరు ఈమెను చూసి నేర్చుకోవాలె అన్నడు. సెలెక్టయినోళ్లు నెల రోజులు హైదరాబాద్ల ట్రైనింగుకు పోవాలె. పడిపోయే మనిషిని ఎట్ల పంపుతడు?"

తర్వాత ఇంకేదో అంది, కాగితం పైకి పంపారని, ఆన్‌లైన్‌లో పెట్టారని. జంపక్క వినలేదు. ఉయ్యాలలోంచి పాపను ఎత్తి మేడం చేతుల్లో పెట్టి లోపలికి పోయింది. ఐదు రోజుల్లో ఆ గడప దాటడం అదే మొదలు.

మురళీకృష్ణ సారు కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాడు. ఆమెను చూసి కుర్చీ లాగాడు, కూర్చోండమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"సారూ, నేను అబద్ధం చెప్పిన. నా బిడ్డకు ఏం రోగం లేదు. నెత్తురు తక్కువున్నది ఎప్పుడో, ఇప్పుడు మంచిగున్నది. కండ్లు తిరగవు. హైదరాబాదు గాదు, ఏడికన్న పోతది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. సంచి పక్కన పెట్టి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ బాగున్న బిడ్డను పడిపోతుందని ఏ తల్లీ చెప్పదు. మొన్న చెప్పిందే నిజం. ఇవాళ ఉద్యోగం కోసం ఇట్లా చెబుతున్నారు. నేను కళ్లారా చూశాను కదా, చాక్‌పీస్ పట్టుకుంటే చేయి వణికింది. పాఠం సాగలేదు. ఆ అమ్మాయిని ఇంకా కష్టపెట్టకండి. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోనివ్వండి."

కూర్చోబెట్టినందుకు వణికింది సారూ అని చెప్పాలనుకుంది. ఒట్టు వేద్దామనుకుంది. మొన్న వేసిన ఒట్టు గుర్తొచ్చి, ఎత్తిన చేయి దించేసింది. మొన్న కుళాయి దగ్గర నాలుగు మాటలు చెబితే చేయి తుడుచుకోవడం మానేసి నమ్మిన మనిషి, ఇప్పుడు ఎంత చెప్పినా జాలిగానే చూస్తున్నాడు. ఆయన సంచి భుజాన వేసుకుని, ఆమెకు నమస్కారం పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లాడు.

బస్టాండులో చర్ల బస్సుకు ఇంకా అరగంట ఉందన్నారు. శ్యామల సంచులు బెంచీ కింద పెట్టి, పాపను తల్లి ఒళ్లో పడుకోబెట్టి నిలబడింది. దీపిక తన బస్సెక్కబోతూ వచ్చి శ్యామల రెండు చేతులూ పట్టుకుంది. నీ పాఠమే చెప్పిన అక్కా, నాకు తెలుసు, అని ఏడ్చింది. శ్యామలే ఆ పిల్ల వీపు తట్టి బస్సెక్కించింది. తిరిగి వచ్చి ఫోన్ తీసింది.

"పవన్ చేసిండవ్వా ఈ పని."

జంపక్క తలెత్తింది. పవన్ అల్లుడు. అశ్వారావుపేటలో పామాయిలు మిల్లులో పని, ఆదివారం ఆదివారం వస్తాడు. ఉద్యోగం మానేసి వచ్చి తనతో ఉండమని సంవత్సరంగా అడుగుతున్నాడు.

"మీ ఇంటోళ్లే చెప్పిండ్రు, నీకు పానం బాగలేదని, అన్నడు సారు. ఎవరంటే చెప్తలేడు. ఇంకెవరున్నరు ఇంటోళ్లు? నన్ను ఉద్యోగం మాన్పియ్యనీకి ఫోన్ జేసిండు. నా ముంగట ఒక మాట, ఎనక ఒక మాట. అడుగుత. ఇయ్యాల అడిగి ఇక ఆ మనిషి మొగం జూడ."

ఆమె వేలు ఫోను మీద పేరు వెతుకుతోంది. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో జంపక్కకు క్షణంలో అంతా కనిపించింది. మామూలుగా ఆమెకు కనిపించేవన్నీ జరగనివే. ఇది జరిగేది. చెబితే ఏమవుతుందో కూడా కనిపించింది. ఒళ్లో పాప నిద్రలో చప్పరిస్తోంది.

"పవన్ గాదు బిడ్డా. నేను."

శ్యామల వేలు ఆగింది.

"ఏం చెప్పినవ్?"

జంపక్క చెప్పింది. నెత్తురు లేదని చెప్పాను, కళ్లు తిరుగుతాయని చెప్పాను, గోడ పట్టుకుంటావని చెప్పాను. మెల్లగా మాట్లాడేది రోగం వల్లనే అని చెప్పాను. ఒక్కటీ దాచలేదు. మేడం చెప్పింది కూడా, రెండు పేజీల సంగతి కూడా చెప్పింది. అది మాత్రం రెండుసార్లు మొదలుపెట్టవలసి వచ్చింది. అయిపోయాక శ్యామల, ఇంకా ఏమైనా మిగిలిందేమోనన్నట్టు ఎదురుచూసింది.

అరుస్తుందనుకుంది జంపక్క. ఏడుస్తుందనుకుంది. బస్టాండులో అందరి ముందూ తనను వదిలేసి పోతుందని కూడా అనుకుంది. శ్యామల వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చుంది. అడిగింది.

"నాలుగో రోజు నువ్వు ఎనక కిటికీ కాడ ఉన్నవ్ గదా అవ్వా. కుర్సీలకెల్లి నాకు ఎనక బెంచీలోళ్లు కనవడలే. ముంగటోళ్ల నెత్తులు అడ్డమొచ్చినయ్. ఎనకున్న పిల్లలు నేనన్న మాట నా ఎంబడి చెప్పిండ్రా? నోరు కదిలిచ్చిండ్రా?"

ఆ పిల్లలు కిటికీకి జానెడు దూరంలో ఉన్నారు. చేయి పెడితే తల తగిలేది. జంపక్క గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకుంది. కుర్చీ కనిపించింది. సారు చేయి, పెన్ను, పెన్ను మీద నీలం మూత కూడా కనిపించాయి. పిల్లలు ఎంతకూ కనిపించలేదు. చెప్పిండ్రు బిడ్డా, మంచిగ చెప్పిండ్రు అంటే శ్యామల నమ్ముతుంది. ఈ ఒక్క మాట నమ్మాలనే అడుగుతోంది.

"నేను సూడలే బిడ్డా" అంది.

శ్యామల తలూపింది. బస్సు వచ్చి ప్లాట్‌ఫారం ముందు ఆగింది, జనం తోసుకుంటూ లేచారు. ఆమె లేవలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, పవన్ ఎత్తాక, జూన్‌లో వచ్చేస్తామని చెప్పింది. మిల్లు దగ్గర ఏదైనా ఇల్లు కిరాయికి చూడమంది. అవతల ఆయన సంతోషంతో ఏదేదో అడుగుతున్నట్టుంది, ఊఁ కొడుతూ విన్నది. ఒక్క గదైతే చాలదని, రెండు గదులున్నది చూడమని, అవ్వ కూడా మనతోనే ఉంటుందని చెప్పింది.

జంపక్క పాప ముఖం మీద కొంగు సర్దుతూ ఉంది. ఈగలు లేవు, ఎండ లేదు. అయినా సర్దుతూనే ఉంది.